మెత్తటి అప్పడం, తొమ్మిది పరువులు

కాశీవిశ్వనాథం మాష్టారు ఆ బుధవారం పొద్దున్న వేసుకున్న పథకంలో ఎవరి పరువుకూ భంగం కలిగించేది ఏమీ లేదు. కాఫీ కలుపుకోవాలి. రెండు రోజులుగా ఆరని పంచెను వరండాలో ఇంకో దండెం మీదికి మార్చాలి. పదింటిలోగా బ్లాగులో ఓ ముక్క రాసి పెట్టాలి. మధ్యాహ్నం ఇంత పప్పు వండుకోవాలి. సాయంత్రం అయిదింటికి ఎదురుగా ఉన్న లక్ష్మణరావు అప్పడాల దుకాణానికి వెళ్ళి బల్ల మీద కూర్చోవాలి. నాలుగేళ్ళ కిందట భార్య అమ్మణ్ణి పోయినప్పటినుంచీ ఆయన రోజులన్నీ ఇంచుమించు ఇలాగే నడుస్తున్నాయి.

ఈ పనుల్లో మొదటి నాలుగూ మానేసినా ఆయనకు బెంగ లేదు. అయిదోదాన్ని మాత్రం ఒళ్ళు వెచ్చబడ్డ రోజున కూడా మానలేదు. ఎందుకో చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడేవారు గాని, మనకేం సిగ్గు? రోజు మొత్తం మీద ఆయన ఇంకో మనిషితో మాట్లాడేది ఆ అరగంటే. లక్ష్మణరావు మాటకారి కాదు. వాన గురించి ఒక మాట, మినపపిండి గురించి ఒక మాట అంటాడు. లోపలినుంచి కోడలు వాసవీకుమారి రెండు గ్లాసుల టీ తెచ్చి పెడుతుంది. అంతే. కాని ఆ అరగంట అయ్యాక ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు, తాను ఇంకా లోకంలో ఉన్నట్టు మాష్టారికి నమ్మకం కలిగేది.

ఆయన ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఒడిశాలో ఉన్నా బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళకు లోటేమీ లేదు. మాష్టారు ఉండే అప్పడాల దుకాణాల సందులో బేరమూ తెలుగే, తిట్టూ తెలుగే. కాని దుకాణాల పెద్దవాళ్ళంతా ఒడియా బడుల్లో చదువుకున్నారు, వాళ్ళ మనవలు ఇంగ్లీషు బడుల్లో చదువుకుంటున్నారు. తెలుగులో అచ్చయిన కవితైనా కరపత్రమైనా ఆ సందులో అందరికీ ఒకటే, అటూ ఇటూ తిప్పి చూసి పొట్లం కట్టేస్తారు. మాష్టారు రిటైరయిన ఏడు తెలుగు తరగతిలో ఇద్దరు మిగిలారు. మరుసటేడు తరగతే మిగల్లేదు. ఆ దిగులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన బ్లాగు పెట్టారు. దానికి పదకొండుమంది పాఠకులు. అందులో ఒకరు ఆయనే, మారుపేరుతో.

అయినా జాగ్రత్త జాగ్రత్తే. పరువు నష్టం కేసుల గురించి బ్లాగులు రాసేవాళ్ళ కోసం ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన సలహాలు చదివి, మూడు సూత్రాలను పాత క్యాలెండరు వెనక ఎర్ర సిరాతో రాసుకున్నారు. పేరు రాయకూడదు. ఖాయంగా తెలియనిదానికి చివర 'అట' తగిలించాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే వెంటనే సవరణ వేయాలి. ఈ మూడూ పాటించేవాణ్ణి ఏ కోర్టూ ఏమీ చేయలేదని ఆయన నమ్మకం. పదకొండుమంది కోసం ఇంత కట్టుదిట్టమా అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

అంతకుముందు ఆదివారం ఆయన చికిటిలో ఒక దూరపు బంధువు పెద్దకర్మ భోజనానికి వెళ్ళారు. విస్తట్లో అప్పడం పడింది. బరంపురం అప్పడమంటే పంక్తి ఈ చివర విరిస్తే ఆ చివర వినపడాలి. ఇది విరగలేదు, మడత పడింది. వంటవాణ్ణి పిలిచి అడిగితే అతను నూనె తప్పు కాదని ఒట్టు వేసి, సరుకు మాష్టారు ఉండే సందునుంచే వచ్చిందన్నాడు. ఏ దుకాణమో కూడా చెప్పబోయాడు. మాష్టారు చెయ్యి అడ్డంపెట్టి ఆపేశారు. తెలిస్తే కదా పేరు రాసే ప్రమాదం, తెలియకపోతే ఆ గొడవే ఉండదని ఆయన ఆలోచన. తన ముందుచూపుకు తానే మురిసిపోతూ బస్సెక్కారు.

బుధవారం పొద్దున్న రాసింది నాలుగు పేరాలు. మొదటి మూడింట్లోనూ వానాకాలం వర్ణన. నాలుగో దాంట్లో అసలు వాక్యం ఉంది: "మా సందులోని తొమ్మిది దుకాణాలలో ఒక పెద్దమనిషి, వానలకు ఆరని అప్పడాలను చావింటివారికి అంటగట్టాడట. పోయినవారు తిరిగివచ్చి అడగరన్న ధైర్యం కాబోలు." ఆ చివరి ముక్క ఆయనకు ఎంతో నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకుని, మీట నొక్కి, స్నానానికి వెళ్ళారు.

ఆ పదకొండుమందిలో ఒక మనిషి ఎదురింట్లోనే ఉందని మాష్టారికి తెలియదు. లక్ష్మణరావు కోడలు వాసవీకుమారిది పలాస. తెలుగు బళ్ళో చదువుకున్న పిల్ల. బరంపురం వచ్చాక చదవడానికి తెలుగు కరువై, ఆయన బ్లాగును వదలకుండా చదివేది. మామగారి స్నేహితుడు గనక మొహమాటపడి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ పొద్దున్న పెరట్లో అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళకు కాలక్షేపంగా ఫోనులోంచి పైకి చదివి వినిపించింది. అందరూ నవ్వారు. ఎవరై ఉంటారా అని తలొక పేరూ అనుకున్నారు. వాళ్ళలో చిట్టమ్మ అనే ఆమె మధ్యాహ్నంనుంచి ఇంకో దుకాణంలో ఒత్తుతుంది. అక్కడినుంచి మాట మూడో దుకాణానికి, నాలుగో దుకాణానికి పాకింది. సందు చివరికి చేరేసరికి, మాష్టారి రాతలో చచ్చిపోయిన మనిషి ఆ అప్పడాలు తినే చచ్చిపోయాడు.

సాయంత్రం అయిదు కావస్తుండగా మాష్టారు చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నారు. గుమ్మంలో సోమేశ్వరరావు నిలబడి ఉన్నాడు. సందులోకెల్లా పెద్ద దుకాణం అతనిది. మాష్టారి గడప తొక్కడం అమ్మణ్ణి పోయిన రోజు తరవాత ఇదే.

"మాష్టారూ, నా పేరెందుకు రాసేరు?" అన్నాడు.

పేరు రాయలేదని మాష్టారు ధీమాగా చెప్పారు.

"అదే నేనూ అడుగుతున్నాను. రాయకపోబట్టే నేనే అనుకుంటన్నారు అందరూను. మధ్యాహ్నంనించి ముగ్గురు అడిగేరు. నావి కావని రాసీండి."

మూడో సూత్రం ప్రకారం మాష్టారు ఎదురు చెప్పలేదు. అతన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కళ్ళెదుటే సవరణ వేశారు: "పైన చెప్పిన అప్పడాలు సోమేశ్వరరావుగారివి కావు." సోమేశ్వరరావు దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. అరవై రెండేళ్ళ వయసులో తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో అతను చూడటం అదే మొదలట. కాసేపు దానివంక ఆప్యాయంగా చూసి, పొలం గొడవలూ మోకాళ్ళ నొప్పులూ చెప్పుకుని, ఏడింటికి లేచాడు.

మర్నాడు సరిగ్గా అయిదింటికి ఇద్దరు వచ్చారు. సోమేశ్వరరావుది కాదని రాసేశాక అనుమానమంతా తమ మీదికి వచ్చిందని వాళ్ళ బాధ. వాళ్ళకూ సవరణలు పడ్డాయి. శుక్రవారం ముగ్గురు. శనివారం ఇద్దరు. అందులో అప్పయ్య అనేవాడు తన పేరు మిగతావాళ్ళకంటే లావు అక్షరాల్లో ఉండాలని పట్టుబట్టాడు. దుకాణాల్లో బేరం పలచబడేది ఆ వేళకే గనక అందరూ ఆ వేళకే వచ్చేవారు. మాష్టారు రోజూ ఇంకో పాల పొట్లం అదనంగా తెప్పించారు. ఎప్పుడో అటక ఎక్కించిన కప్పులు దింపారు.

నిజం చెప్పాలంటే ఆయన ఆ నాలుగు రోజులూ పండగలా గడిపారు. ఒక్క వాక్యంతో అయిపోయే సవరణకు గంటన్నర తీసుకునేవారు. పిండి ఎక్కడ పట్టిస్తారు, ఇంగువ ఎంత వేస్తారు, ఎండ లేకపోతే ఎలా ఆరబెడతారు అని విచారణ చేసేవారు. ఇంట్లో మనుషుల గొంతులు వినపడుతున్నాయి, ఎవరో దగ్గుతున్నారు, ఎవరో చక్కెర తక్కువైందంటున్నారు. ఆయనకు అదే చాలా హాయిగా ఉంది. బుధవారం సాయంత్రం కిటికీలోంచి ఎదురు దుకాణం కనిపించింది. వాసవీకుమారి రెండు గ్లాసులు తెచ్చి, కాసేపాగి, ఒకటి వెనక్కి తీసుకుపోయింది. రేపు వెళ్ళవచ్చులే అనుకున్నారు మాష్టారు. గురువారమూ అలాగే అనుకున్నారు. శుక్రవారం కిటికీవైపు చూడటానికి తీరికే లేకపోయింది.

ఆదివారం ఎవరూ రాలేదు. మొత్తం ఎనిమిది సవరణలు, ఎనిమిదిమంది సంతృప్తులు. మాష్టారు తేలిక మనసుతో అయిదింటికి ఎదురు దుకాణానికి వెళ్ళారు. ఆయన కూర్చునే చోట మినప్పప్పు బస్తా ఉంది. లక్ష్మణరావు అప్పడాల కట్టలకు దారం చుడుతున్నాడు, తలెత్తలేదు. వాన ఇవాళ కాస్త తెరిపి ఇచ్చిందని మాష్టారు అన్నారు. లక్ష్మణరావు ఇంకో కట్ట అందుకున్నాడు. చికిటి బస్సు రోడ్డు పాడైపోయిందన్నారు. దారం తెగిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. చివరికి వాసవీకుమారి గుమ్మందాకా వచ్చింది.

"తొమ్మిది దుకాణాలన్నారు. ఎనిమిది కావన్నారు. ఇంకెవరు మిగిలేరండీ, మాష్టారూ?" అంది నెమ్మదిగా.

మాష్టారు ముప్పై ఏళ్ళూ చెప్పింది తెలుగు. తీసివేతలు ఇంకో మాష్టారి పాఠం. ఆ లెక్క ఆయనకు అప్పుడు అర్థమైంది. సవరణ రాయించుకోవడానికి రానివాడు, వస్తాడా అని తాను ఒక్కసారైనా తలుచుకోనివాడు, ఊళ్ళో తనకున్న ఒకే ఒక స్నేహితుడు. ఇంటికెళ్ళి తొమ్మిదో సవరణ రాయబోయారు. చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదో దుకాణమూ కాదంటే తాను రాసిందంతా అబద్ధమని తేలుతుంది. పైగా లక్ష్మణరావువి కావని ఆయనకు తెలిస్తే కదా.

మంగళవారం రిజిస్టర్డ్ పోస్టులో వకీలు నోటీసు వచ్చింది. ఆ ఏడాది ఆయన పేరిట వచ్చిన మొదటి ఉత్తరం అదే. లక్ష్మణరావు తరఫున పంపింది కూర్మయ్య, ఒకప్పుడు ఆయన తెలుగు తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నవాడు. మాష్టారికి తెలిసిన వకీలు కూడా అతనొక్కడే. అంచేత అతను పంపిన నోటీసుకు ఏం బదులివ్వాలో అడగడానికి అతని దగ్గరికే వెళ్ళారు.

"నేను అవతలివారి వకీలును, ఆజ్ఞా. మీకు సలహా సెప్పకూడదు," అన్నాడు కూర్మయ్య, కోర్టులో అలవాటైన ఒడియా 'అయ్యా'తో. తరవాత కుర్చీ చూపించి ముప్పావుగంట సలహా చెప్పాడు.

మాష్టారు తన మూడు సూత్రాలూ వరసగా అప్పజెప్పారు. కూర్మయ్య వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. 'అట' అన్నంతమాత్రాన మచ్చ మాసిపోదన్నాడు. ఇంకొకడు అన్న మాటను మోసుకొచ్చినవాడు కూడా అన్నవాడితో సమానమేనన్నాడు. నిజం రాస్తే, అది నలుగురి మేలుకోసమని చూపగలిగితే, తప్పించుకునే దారి ఉందన్నాడు. మరి రాసింది నిజమేనా అని అడిగాడు. తెలుసుకోకూడదని పట్టుబట్టి తెలుసుకోలేదని మాష్టారు ఒప్పుకున్నారు. కూర్మయ్య కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"పేరు రాయక్కర్లేదు మాష్టారూ. సదివినవాడికి ఎవరో తెలిస్తే సాలు. మొదట తొమ్మిదిమంది మీద మసి పూసేరు. తరవాత ఒక్కొక్కర్నీ మీ సేత్తోనే కడిగి, ఒక్కణ్ణి మాత్రం వదిలీసేరు. పేరు రాసుంటే ఇంత బాగా తెలిసీది కాదు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. నోటీసులో పరిహారం మాట ఎక్కడా లేదు. పదిహేను రోజుల్లోగా స్వయంగా దుకాణానికి వచ్చి క్షమాపణ చెప్పుకోవాలని మాత్రమే ఉంది. ఆ 'స్వయంగా' కింద గీత గీయించింది లక్ష్మణరావేనట. ఇరవై ఏళ్ళ వృత్తిలో ఇలాంటి నోటీసు తాను పంపలేదన్నాడు కూర్మయ్య.

మాష్టారు మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఎనిమిదిమందిలో ఒక్కడూ తొంగిచూడలేదు. నోటీసు వచ్చిందని తెలిశాక సోమేశ్వరరావు కిటికీలోంచి చూపులు కలిసినా ఆకాశంలో మబ్బుల్ని పరిశీలిస్తూ వెళ్ళిపోయాడు. అదనంగా తెప్పించిన పాలు విరిగాయి. అయిదు కొట్టేసరికి ఆయన కాళ్ళు వాటంతటవే చెప్పులదాకా వెళ్ళేవి, అక్కడ నిలబడిపోయేవి. కేసు ఓడితే పడే జైలంటే ఆయనకు పెద్దగా భయం వేయలేదు. అక్కడ కనీసం పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఆ అరగంట ఇక లేదన్న ఆలోచనే భరించలేకపోయారు.

క్షమాపణ పత్రం మొదట తెలుగులో రాశారు. రెండు పేజీలు, చక్కటి గ్రాంథికంలో. రాసి ముగించాక, లక్ష్మణరావు దాన్ని చదవలేడని గుర్తొచ్చింది. నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి, ఇన్నేళ్ళుగా తాను రాసినదాంట్లో ఒక్క అక్షరమైనా చదవలేదు, తానూ చదివి వినిపించలేదు. ఆయనకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుని, తనకొచ్చిన కాస్త ఒడియాలో మూడు పంక్తులు రాసి, తప్పులుంటాయని కింద ఇంకో పంక్తి రాసి, అయిదింటికి ఎదురింటికి వెళ్ళారు.

లక్ష్మణరావు ఆ కాగితం చదివాడు. రెండుచోట్ల తప్పులు చూపించాడు. తరవాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్తాను కిందికి తోసి, బల్ల తుడిచాడు. మాష్టారు కూర్చున్నారు. ఆ అప్పడాలు నీవి కావని రేపే రాసేస్తానన్నారు.

"మావే," అన్నాడు లక్ష్మణరావు.

మాష్టారు ఇంకోసారి చెప్పమన్నారు.

"సికిటీవాళ్ళు తొందరపెట్టేరు. ఎండ నేదు. ఆరనేదని తెలిసే కట్టించేను. నువ్వు రాసింది అచ్చరం అచ్చరం నిజం." నలభై ఏళ్ళలో అతను మాష్టారిని 'నువ్వు' అనడం అదే మొదలు. "ఆ రోజు భోజనం సేసొచ్చి, ఈ బల్లమీద కూకుని, ఏటి లక్ష్మణరావూ ఈ పని అని అడిగుంటే, ఒక్క మనిషి ముందు సిగ్గుపడీవోణ్ణి. నాకు సెప్పకుండా లోకానికి సెప్పినావు."

తనకు తెలియదని మాష్టారు గొణిగారు. తెలుసుకోకుండా ఎలా ఆపుకున్నారో కూడా చెప్పారు. అది చెబుతుంటే అంతకుముందు తెలివిగా అనిపించినదంతా ఎంత బుద్ధితక్కువో ఆయనకే తెలిసిపోయింది. మరి తప్పు తనదే అయినప్పుడు నోటీసు ఎందుకు పంపించావని అడిగారు.

లక్ష్మణరావు దారం ఉండను చుట్టి పక్కన పెట్టాడు.

"నాలుగు రోజులు రానేదు నువ్వు. కిటికీలోంచి నవ్వులు వినిపిస్తన్నాయి. కోడలు రెండు గ్లాసులు తెస్తాది, ఒకటి పట్టుకుపోతాది. కబురెడితే నీకు తీరిక ఉండదు. నోటీసుకైతే వస్తావని శనివారమే కూర్మయ్యకి సెప్పేసేను," అన్నాడు.

రాజీ అక్కడికక్కడే కుదిరింది. కూర్మయ్య వచ్చి దాన్ని కాగితం మీద పెట్టాడు. మొదటి షరతు ప్రకారం అప్పడాలు తనవేనని లక్ష్మణరావు బ్లాగులో తన పేరుతోనే రాయించాడు. ఒప్పుకున్నవాడు తానే గనక పరువు నష్టం లేదు. రెండో షరతు, మాష్టారు ఇకమీదట ఏది రాసినా లోకానికి పెట్టేముందు ఈ బల్లమీద కూర్చుని పైకి చదివి వినిపించాలి. తెలుగు చదవడం రానివాడికి ఇది తప్ప వేరే రక్షణ లేదని కూర్మయ్య చట్టం భాషలో రాశాడు. కాగితం మీద అది శిక్షలాగే కనిపించింది.

లక్ష్మణరావు ఒప్పుకోలు బయటికి వచ్చిన రెండో రోజునే సోమేశ్వరరావు మాష్టారి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. సందంతా లక్ష్మణరావును నిజాయితీపరుడని పొగుడుతోందట, చికిటివాళ్ళు మళ్ళీ అతనికే సరుకు చెప్పారట. "మా అప్పడాల్లో కూడా నిరుడు ఉప్పెక్కువైపోయింది మాష్టారూ. నా పేరెట్టి రాసీండి," అని బతిమాలాడు. మర్నాడు అప్పయ్య ఇంకా పెద్ద తప్పుతో వచ్చాడు. మాష్టారు ఈసారి ఎవరికీ కాఫీ పెట్టలేదు. అయిదయిందని చెప్పి, తలుపు దగ్గరగా వేసి, ఎదురు దుకాణానికి వెళ్ళిపోయారు.

మొదటి రోజు చదువు వినడానికి తొమ్మిది దుకాణాలవాళ్ళూ వచ్చారు. తమ పేరు ఎక్కడైనా వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నారు. అది రామయ్యపట్నం చేపల పడవల మీద వ్యాసం. రెండో రోజు నలుగురు వచ్చారు. నాలుగో రోజుకు లక్ష్మణరావు, గుమ్మంలో వాసవీకుమారి మిగిలారు. లక్ష్మణరావు మూడో పేరా దగ్గర కునుకు తీస్తాడు. మాష్టారు ఆగిపోతే మాత్రం కళ్ళు తెరిచి, ఆపావేం అని అడుగుతాడు. మాష్టారు మొదటి పంక్తినుంచి మళ్ళీ చదువుతారు.

నోటీసు మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. షరతులన్నీ నెరవేరుతున్నాయి కదా, మూసేద్దామా అని కూర్మయ్య రెండుసార్లు అడిగాడు. ఉండనీ అన్నాడు లక్ష్మణరావు. ఉండనీ అన్నారు మాష్టారు. పరువు నష్టం మీద ఫిర్యాదు చేయడానికి మూడేళ్ళే గడువని కూర్మయ్య చెప్పినప్పుడు, వాదీ ప్రతివాదీ ఇద్దరూ కాస్త దిగులుపడ్డారు.